ప్రాపర్టీ డీల్‌ని ఎంతకాలం మోయగలమో ముందే లెక్క కట్టుకోవడం ఎలా

ప్రాపర్టీ మీద డబ్బులు పెడదామనుకునే వాళ్లు ముందు అడిగేది ఒకటే, ఎక్కడ కొనాలి, రేటు ఎంత నడుస్తోంది, ఇంకా పెరుగుద్దా అని. అడగాల్సినవే, కాదనను. కానీ నా దృష్టిలో అసలు ప్రశ్న ఇంకోటి ఉంది, మనం అనుకున్నట్టు జరగకపోతే ఈ డీల్‌ని ఎన్నాళ్లు మోయగలం అని. మంచి ఏరియాలో మంచి బిల్డింగే కొని, పట్టుకుని కూర్చునే బలం లేక మధ్యలో తెగనమ్ముకుంటే, అంతకుముందు చేసిన ఏరియా రీసెర్చ్ మొత్తం వేరేవాళ్లకి లాభం అవుతుంది.

లండన్‌లో కేనరీ వార్ఫ్ సంగతే చూడండి. మూతపడిన పాత ఓడరేవు డాకుల్ని ఆఫీసుల సిటీగా మార్చాలని టొరాంటో కంపెనీ ఒలింపియా అండ్ యార్క్ 1987లో ఆ ప్రాజెక్టుని చేతిలోకి తీసుకుంది, అప్పట్లో ప్రపంచంలోనే పెద్ద డెవలపర్లలో వాళ్లొకరు, 50 అంతస్తుల టవర్ 1991 కల్లా లేచి నిలబడింది కూడా. సరిగ్గా అప్పుడే లండన్ ఆఫీస్ మార్కెట్ పడిపోయింది, అద్దెకి వచ్చే కంపెనీలు దొరకలేదు, అక్కడిదాకా వేస్తామన్న జూబ్లీ లైన్ రైలు రాలేదు, అప్పుల మీద వడ్డీ మాత్రం ఆగకుండా పడుతూనే ఉంది, 1992 మేలో కంపెనీ దివాలా రక్షణ కోసం కోర్టుకెక్కింది. ఆ రైలు వచ్చింది 1999లో. తర్వాత అదే చోటు పెద్ద పెద్ద బ్యాంకులతో నిండిపోయింది. ఏరియా మీద వాళ్ల అంచనా కరెక్టే, కట్టిన బిల్డింగూ బానే ఉంది, కానీ ఆ మధ్యలో ఏడెనిమిదేళ్లు గడిపే శక్తి వాళ్ల అప్పుల ఏర్పాటులో లేదు.

దీనికి పక్కనే న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ పెట్టి చూడండి. 1931లో, మహా మాంద్యం నడుస్తుండగా తెరిచారు, చాలా అంతస్తులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి, లాభాల్లోకి వచ్చేసరికి 1950 దగ్గరపడింది. అయినా అది చేయి జారలేదు, ఎందుకంటే వెనక ఉన్నవాళ్లు బాగా కలిగినవాళ్లు, ఏటా వచ్చే నష్టాన్ని జేబులోంచి పూడ్చుకోగలిగారు, 1951 దాకా అమ్మలేదు. రెండూ ఖాళీగా తెరుచుకున్న బిల్డింగులే, ఒకరు ఆగగలిగారు, ఒకరు ఆగలేకపోయారు.

సరే, ఆగగలమా లేదా అన్నది కొనకముందే ఎలా తెలుస్తుంది? చాలావరకు తెలుస్తుంది, కాకపోతే లెక్క వెనక నుంచి మొదలుపెట్టాలి. అంటే కొనే ముందే, దీన్నుంచి బయటికి ఎలా వస్తాం అని కూర్చుని రాసుకోవాలి. బయటికి వచ్చే దార్లు పెద్దగా ఏం లేవు, అమ్మడం, లేదా విలువ పెరిగాక కొత్త లోన్ తీసుకుని పాత డబ్బు వెనక్కి లాక్కోవడం, లేదా ఎప్పటికీ అద్దెల మీద ఉంచుకోవడం. అమ్మడమే ప్లాన్ అయితే ఎవరికి అమ్ముతాం, ఆ కొనేవాళ్లకి లోన్ వస్తుందా, వాళ్లు అందులో ఉండటానికి కొంటారా, మనలాగే పెట్టుబడికి కొంటారా అనేది ఇవాళే ఆలోచించాలి. పెట్టుబడిదారులే కొనే ప్రాపర్టీ అయితే మార్కెట్ చల్లబడిన రోజు ఆ కొనేవాళ్లంతా ఒకేసారి మాయమైపోతారు, ఉండటానికి కొనేవాళ్లు ఉన్నచోట అమ్మకం నెమ్మదిస్తుంది గానీ పూర్తిగా ఆగిపోవడం తక్కువ.

ఎన్నేళ్లకి బయటికి వస్తాం అన్నది లాభాన్ని ఎంత మార్చేస్తుందో చాలామంది గమనించరు. 100 పెట్టి 200 వచ్చింది, డబుల్ అయ్యింది అంటారు. అది 4 ఏళ్లలో అయితే ఏడాదికి దాదాపు 19 శాతం, 8 ఏళ్లు పడితే 9 శాతం, 12 ఏళ్లు పడితే 6 శాతం కూడా లేదు, మధ్యలో కట్టిన పన్నులు, రిపేర్లు తీసేస్తే ఇంకా తక్కువ. అందుకే ఎవరైనా ఇన్ని రెట్లయ్యింది అని చెప్తే ఎన్నేళ్లలో అని అడగాలి, 72ని ఏళ్లతో భాగిస్తే డబుల్ అవ్వడానికి ఏటా ఎంత శాతం పెరిగిందో నోటి లెక్కలోనే వచ్చేస్తుంది.

ఇప్పుడు అద్దె లెక్క, దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉందాం, ఎందుకంటే డీల్ బతుకుతుందా లేదా అన్నది ఇక్కడే బయటపడుద్ది. ఏ కరెన్సీ అయినా సరే, ఒక బిల్డింగ్ ధర 1000 అనుకోండి, ఏడాది అద్దె 100. చూడగానే 10 శాతం వస్తోంది కదా అనిపిస్తుంది, అమ్మేవాళ్లు కూడా ఈ నంబరే చెప్తారు. కానీ ఏడాది పొడుగునా అన్ని పోర్షన్లూ నిండి ఉండవు, ఒకళ్లు ఖాళీ చేశాక ఇంకొకళ్లు వచ్చేదాకా నెలో రెండు నెలలో పోతాయి, అందుకు 8 తీసేయండి, 92 మిగిలింది. ప్రాపర్టీ టాక్స్, ఇన్సూరెన్స్, రిపేర్లు, లిఫ్టు, వాచ్‌మన్, చూసుకునే మనిషి జీతం, అన్నీ కలిపి 32 అనుకుంటే చేతికి మిగిలేది 60. అంటే 6 శాతం. రిజిస్ట్రేషన్, లాయర్ ఫీజు, బ్రోకర్ కమీషన్, మొదట్లో చేయించాల్సిన రిపేర్లు కలిపి ఇంకో 80 పెట్టి ఉంటాం, అప్పుడు అసలు ఖర్చు 1080, దాని మీద ఆ 60 అంటే 5.6 శాతమే. పది అనుకున్నది దాదాపు సగం అయిపోయింది, ఇందులో మోసం ఏమీ లేదు, మొత్తం లెక్క వేశాం అంతే.

ఇంకా లోన్ లెక్కలోకి రాలేదు, చూడండి. 1000లో 650 లోన్, వడ్డీ 7 శాతం, 20 ఏళ్లకి కిస్తీలు పెట్టుకుంటే ఏడాదికి కట్టాల్సింది 60.5 అవుద్ది. చేతికి వచ్చేది 60. అంటే అంతా అనుకున్నట్టే జరిగిన ఏడాదిలో కూడా మనం జేబులోంచి వేసుకోవాలి. అదే లోన్ 25 ఏళ్లకి పెడితే 55 కట్టాలి, ఏదో కొంచెం మిగులుతుంది, కానీ ఆ మిగిలేది ఒక్క లిఫ్ట్ మోటార్ కాలిపోతే పోయేంత. అద్దెల ఆదాయం మీద లోన్ ఇచ్చే బ్యాంకులు చాలాచోట్ల వచ్చే నికర ఆదాయం కట్టే కిస్తీకి కనీసం 1.2 లేదా 1.25 రెట్లు ఉండాలని అడుగుతాయి, దీన్ని డెట్ కవరేజ్ అంటారు. మన 25 ఏళ్ల లెక్కలో అది 1.09. బ్యాంకు 1.25 కావాలంటే ఏడాది కిస్తీ 48 దాటకూడదు, దానికి లోన్ దాదాపు 566 మాత్రమే వస్తుంది, మిగతాదంతా మనం పెట్టుకోవాలి. చాలామంది ఈ రూల్‌ని బ్యాంకు పెట్టే ఇబ్బంది అనుకుంటారు, నేనైతే బ్యాంకు అడగకపోయినా మనకి మనం పెట్టుకోవాల్సిన రూల్ అంటాను.

ఇంకో విషయం కూడా ఈ నంబర్లలోనే ఉంది. బిల్డింగ్ ఇచ్చేది 6 శాతం, లోన్ తీసుకునేది 7 శాతం, అంటే అప్పు చేసిన ప్రతి రూపాయి మీదా ఏటా ఒక శాతం ఎదురు పెడుతున్నాం. అప్పు మనకి పనిచేసేది వడ్డీ కంటే ప్రాపర్టీ రాబడి ఎక్కువ ఉన్నప్పుడే. రేటు పెరుగుద్దిలే, అప్పుడు అంతా కవర్ అవుద్ది అనుకుని ఇలా నడిపేవాళ్లు ఉన్నారు, కుదరొచ్చు కూడా, కానీ అప్పుడు మనం చేస్తున్నది అద్దెల పెట్టుబడి కాదు, ధర పెరుగుతుందని వేసుకున్న పందెం, ఆ తేడా తెలిసే వేయాలి.

ధర ఎలా పెరుగుతుంది, ఎలా తగ్గుతుంది అనే దానికి అద్దెలొచ్చే బిల్డింగుల్లో ఒక సింపుల్ లెక్క ఉంది. మార్కెట్‌లో కొనేవాళ్లు 6 శాతం రాబడితో సరిపెట్టుకుంటున్నారంటే 60 ఇచ్చే బిల్డింగ్ 1000 పలుకుద్ది. వడ్డీలు పెరిగి, వాళ్లు 7 శాతం ఉంటేనే కొంటాం అన్నారనుకోండి, అదే 60, అదే అద్దెకున్నవాళ్లు, అదే గోడలు, ధర మాత్రం 857 అయిపోయింది. కొనేవాళ్లు అడిగే ఈ రాబడి శాతాన్నే క్యాప్ రేట్ అంటారు. ఇక్కడ లోన్‌ని కలిపి చూస్తే అసలు దెబ్బ తెలుస్తుంది, బిల్డింగ్ ధర 14 శాతం పడింది, కానీ 650 అప్పు అలాగే ఉంది కాబట్టి మన వాటా 350 నుంచి 207కి వచ్చింది, అంటే 41 శాతం పోయింది. పైకి వెళ్లేటప్పుడు కూడా ఇలాగే దాదాపు మూడు రెట్ల వేగంతో పెరుగుద్ది, అందుకే అందరికీ అప్పు మీద అంత మోజు.

2022లో అమెరికాలో జరిగింది దీనికి క్లాసు పాఠం లాంటిది. అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేటు 2022 మార్చి ముందు దాదాపు సున్నా దగ్గర ఉండేది, 2023 జూలై కల్లా 5.25 నుంచి 5.50 శాతానికి చేరింది. అంతకుముందు రెండేళ్లలో కొంతమంది చిన్న చిన్న పెట్టుబడిదారుల దగ్గర డబ్బు పోగుచేసి, మూడేళ్ల గడువుతో, మారే వడ్డీతో లోన్లు తీసుకుని అపార్ట్‌మెంట్ బిల్డింగులు కొన్నారు, పాతవి బాగుచేసి అద్దెలు పెంచి మూడేళ్లలో అమ్మేద్దాం అని ప్లాన్. కిస్తీ మాత్రం అద్దెలకంటే చాలా వేగంగా పెరిగింది, 2023లో హ్యూస్టన్ లాంటి చోట్ల అలాంటి బిల్డింగుల్ని లోన్ ఇచ్చినవాళ్లు స్వాధీనం చేసుకున్నారు. మన ఉదాహరణే తీసుకోండి, 25 ఏళ్ల లోన్ మీద వడ్డీ 7 నుంచి 9కి వెళ్తే ఏడాది కిస్తీ 55 నుంచి 65 దాటుతుంది, వచ్చేది అదే 60. అందుకే లోన్ మాట్లాడేటప్పుడు వడ్డీ ఎంత అన్నది ఒక్కటే కాదు, వడ్డీ మారని ఫిక్స్‌డా, మారే ఫ్లోటింగా, ఎన్నేళ్ల తర్వాత మొత్తం తీర్చమంటారు, మన ప్లాన్ రెండేళ్లు లేటైతే ఈ లోన్ మనతో ఉంటుందా అన్నవి ముందు చూడాలి. ప్లాన్ మూడేళ్లదైతే లోన్ గడువు అయిదేళ్లకి తక్కువ ఉండకూడదు అనేది నా పట్టుదల, వడ్డీ కాస్త ఎక్కువైనా సరే.

చేతిలో ఎంత ఉంచుకోవాలి అంటే, నేను చూసే కొలత ఏంటంటే ఏడాదంతా బిల్డింగ్ ఖాళీగా ఉన్నా కట్టగలగాలి. పై ఉదాహరణలో కిస్తీ 55, తప్పని ఖర్చులు ఇంకో 30, మొత్తం 85 దాకా. మనం పెట్టిన సొంత డబ్బు, 350కి మొదట్లో అయిన ఖర్చులు 80 కలిపి, 430 కదా, దాంట్లో అయిదో వంతు అంత డబ్బు పక్కన ఊరికే పడి ఉండాలన్నమాట. చాలామందికి ఇది వేస్ట్ అనిపిస్తుంది, ఆ డబ్బుతో ఇంకోటి కొనొచ్చు కదా అంటారు. అమెరికా ఇళ్ల ధరలు 2006 పీక్ నుంచి 2012 దాకా దేశం మొత్తం మీద నాలుగో వంతుకి పైగా పడ్డాయి, మళ్లీ పాత స్థాయికి రావడానికి 2016 దాకా పట్టింది. జపాన్‌లో 1991 తర్వాత భూముల ధరలు పదేళ్లకి పైగా దిగుతూనే వచ్చాయి. భూమి ధర ఎప్పుడూ పడదు అనే మాట నమ్మి ఆ రిజర్వ్ లేకుండా వెళ్లినవాళ్లకి ఇలాంటి టైమ్‌లో అమ్మడం తప్ప దారి ఉండదు, అదీ ఎవ్వరూ కొనని రోజుల్లో.

లెక్కలు కుదిరాక కాగితాలు. ఇక్కడ కూడా టైమే. రిజిస్ట్రేషన్ అయ్యింది కాబట్టి ఆస్తి మనదే అని చాలామంది అనుకుంటారు, అది మీరున్న దేశపు పద్ధతిని బట్టి ఉంటుంది. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ తెచ్చిన పద్ధతిలో ప్రభుత్వ రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే వాళ్లే ఓనర్, దానికి ప్రభుత్వమే హామీ, తర్వాత చాలా దేశాలు ఆ దారిలో వెళ్లాయి. ఇండియాలో గానీ అమెరికాలో ఎక్కువ రాష్ట్రాల్లో గానీ రికార్డు అయ్యేది డాక్యుమెంట్ మాత్రమే, అమ్మినవాడికి అసలు హక్కు ఉందా అని ప్రభుత్వం గ్యారంటీ ఇవ్వదు, అది తేల్చుకోవాల్సింది కొనేవాళ్లే. అందుకే అమెరికాలో టైటిల్ ఇన్సూరెన్స్, అంటే ఆస్తి హక్కులో (టైటిల్‌లో) లోపం తేలితే నష్టం కట్టే బీమా, అనే వ్యాపారమే పుట్టింది. కాబట్టి లింక్ డాక్యుమెంట్లు, అంటే ఆస్తి ఒకరి నుంచి ఒకరికి మారిన పాత కాగితాలు, వరసగా, ఎక్కడా తెగకుండా ఉన్నాయా, వారసుల్లో ఎవరైనా సంతకం పెట్టలేదా, తాకట్టు ఉందా, కోర్టు కేసు ఉందా, కాగితంలో ఉన్న కొలత నేల మీద ఉందా, ఇప్పుడు అందులో ఎవరుంటున్నారు, ఏ హక్కుతో ఉంటున్నారు, ఇవన్నీ అమ్మేవాళ్లు ఇచ్చిన లాయర్‌తో కాకుండా మన డబ్బుతో మన లాయర్‌తో చూపించుకోవాలి. టైటిల్‌లో లోపం ఉంటే ఆస్తి పోతుందనే భయం ఒకటి, అంతకంటే ఎక్కువగా జరిగేది ఏంటంటే కేసు తేలేదాకా అమ్మలేం, లోన్ రాదు, బిల్డింగ్ కట్టలేం, కిస్తీ మాత్రం నడుస్తుంది, గెలిచినా పదేళ్లు పోతాయి.

తర్వాత అగ్రిమెంట్. ధర దగ్గర గీచి గీచి బేరమాడి, అగ్రిమెంట్‌ని మాత్రం ఎవరో టైప్ చేసినదాని మీద సంతకం పెట్టేస్తారు, నాకు ఇది ఎప్పుడు చూసినా బాధగానే ఉంటుంది. అడ్వాన్స్ ఎంత, అది ఏ పరిస్థితుల్లో వెనక్కి వస్తుంది అన్నది అన్నిటికంటే ముందు. లోన్ రాకపోతే, టైటిల్‌లో తేడా వస్తే, సర్వేలో విస్తీర్ణం తక్కువ తేలితే అడ్వాన్స్ తిరిగి ఇవ్వాలి అని స్పష్టంగా రాసుంటే అప్పుడు మనం నిజంగా చెక్ చేసుకోగలం, లేదంటే అడ్వాన్స్ పోతుందన్న భయంతో తేడా కనపడినా ముందుకే వెళ్తాం. వీలున్నచోట ఆ డబ్బు అమ్మేవాళ్ల చేతికి కాకుండా ఎస్క్రోలో, అంటే ఇద్దరికీ సంబంధం లేని మూడో మనిషి దగ్గర పెట్టాలి. గడువు తేదీ, ఎవరి వల్ల లేటైతే ఎవరు ఏం కట్టాలి, అద్దెకున్నవాళ్ల డిపాజిట్లు ఎవరికి చేరాలి, పాత బకాయిలు ఎవరివి, ఇవి కూడా. నా లెక్కలో రెండు శాతం ధర తగ్గించుకోవడం కంటే ఇంకో నెల గడువు, వెనక్కి వచ్చే అడ్వాన్స్ సంపాదించడం పెద్ద బేరం.

ఇంకా కడుతున్న వాటిలో కొనేటప్పుడు పరిస్థితి తిరగబడుతుంది, అక్కడ మన ఓపికతో పాటు బిల్డర్ ఓపిక మీద కూడా ఆధారపడతాం. చైనాలో ఫ్లాట్లు కట్టకముందే అమ్మేసి, ఆ డబ్బుతో కొత్త భూములు కొని, మళ్లీ అవి అమ్మి పాతవి కట్టే పద్ధతి బాగా పెరిగింది. 2020లో ప్రభుత్వం డెవలపర్ల అప్పులకి పరిమితులు పెట్టేసరికి ఆ గొలుసు తెగింది, అక్కడి పెద్ద డెవలపర్ ఎవర్‌గ్రాండ్ 2021లో బాకీలు కట్టలేక చేతులెత్తేసింది, దాని మొత్తం బాకీలు 300 బిలియన్ డాలర్లకి పైనే, 2024 జనవరిలో హాంకాంగ్ కోర్టు ఆ కంపెనీని మూసేయమని ఆర్డర్ ఇచ్చింది. 2022లో అయితే చాలా ఊళ్లలో కొనుక్కున్నవాళ్లు కట్టని ఫ్లాట్లకి లోన్ కిస్తీలు కట్టం అని ఆపేశారు. కాబట్టి బిల్డర్ ఇంతకుముందు ఏం కట్టాడు అన్నదాంతో ఆగకుండా, మనం కట్టే డబ్బు ఈ ప్రాజెక్టు అకౌంట్‌లోనే ఉంటుందా, కట్టడం ఎంతవరకు వస్తే అంతవరకే డబ్బు అడుగుతున్నారా, భూమి మీద ఇప్పటికే లోన్ ఉందా అని చూడాలి. కొంచెం తక్కువకి ఇస్తాం, మొత్తం ముందే కట్టండి అంటున్నారంటే ఆ తగ్గించిన మొత్తం మనం వాళ్లకిచ్చే అప్పు మీద వడ్డీ అన్నమాట, అలా చూసుకుంటే ఆ అప్పుకి మన దగ్గర తాకట్టు ఏముందో అడగాలనిపిస్తుంది.

పార్ట్‌నర్లతో కలిసి కొంటే డబ్బు బరువు తగ్గుతుంది గానీ ఆగగలిగే శక్తి అందరిలోకి తక్కువ ఉన్నవాళ్లది ఎంతో డీల్‌ది కూడా అంతే. నలుగురు కలిసి కొన్నాక ఒకరికి పిల్ల పెళ్లో వ్యాపారంలో నష్టమో వచ్చి డబ్బు కావాలన్నారంటే మిగతా ముగ్గురూ కొనుక్కోవాలి, లేదా మొత్తం అమ్మాలి. అప్పుడు ఆ వాటా ధర ఎవరు లెక్క కడతారు, ఎన్ని నెలల్లో ఇవ్వాలి, మళ్లీ డబ్బు వేయాల్సి వచ్చినప్పుడు ఒకరు వేయకపోతే వాళ్ల వాటా తగ్గుతుందా, అమ్మే నిర్ణయానికి ఎంతమంది ఒప్పుకోవాలి, ఇవి స్నేహం బాగున్న రోజే కాగితం మీద పెట్టాలి. చుట్టాలు కదా, రాసుకుంటే ఏమనుకుంటారో అని ఆగేవాళ్లని చూస్తుంటాం, రాసుకోకపోవడం వల్ల తెగిపోయిన చుట్టరికాలు ఎక్కువ.

కొన్నాక పని గురించి పెద్దగా చెప్పను, రిపేర్ల బడ్జెట్ మీద పదిహేను ఇరవై శాతం అదనంగా పెట్టుకోండి, కాంట్రాక్టర్‌కి పనిని బట్టి విడతలుగా ఇవ్వండి, అద్దె అగ్రిమెంట్లన్నీ ఒకే నెలలో అయిపోకుండా విడివిడిగా వచ్చేట్టు చూడండి, చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు గానీ ఒకేసారి సగం బిల్డింగ్ ఖాళీ అవ్వకుండా ఆపేది అదే.

అమ్మకం దగ్గరికొస్తే, డబ్బు అవసరమైన రోజు బోర్డు పెడితే లాభం లేదు, అవసరానికి కనీసం ఏడాది ముందే కదలాలి, అద్దె రసీదులు, టాక్స్ రసీదులు, రిపేర్ల బిల్లులు ఒక ఫైల్‌లో ఉంటే కొనేవాళ్ల బ్యాంకు నెల రోజుల్లో తేల్చేస్తుంది, లేకపోతే ఆ ఆలస్యంలోనే బేరం పోతుంది. పన్ను ఎంత పడుతుందో, ఇంకొన్ని నెలలు ఆగితే తగ్గుతుందో ముందే ఆడిటర్‌ని అడగండి, చాలా దేశాల్లో ఎన్నాళ్లు ఉంచుకున్నామన్న దాన్ని బట్టి పన్ను మారుతుంది. లోన్ తీసుకునే రోజే, దీన్ని గడువుకి ముందు తీర్చేస్తే పెనాల్టీ ఎంత, ఎన్నో ఏడాది నుంచి ఉండదు అని అడిగి రాయించుకోండి. ఫిక్స్‌డ్ వడ్డీ లోన్లలో ఆ పెనాల్టీ కొన్నిసార్లు ఎంత పెద్దగా ఉంటుందంటే, మంచి రేటు ఇచ్చే మనిషి ఎదురుగా కూర్చున్నా అమ్ముకోలేక ఆగిపోవాల్సి వస్తుంది.